బయటివాళ్ల బ్రీఫ్, మనవాళ్ల మొహమాటం

మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఏదైనా పోటీ ప్రకటన పడినప్పుడు మేం దాన్ని చదివే తీరు చూడాలి. నిడివి ఎంత, ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలి, లోగో ఎక్కడ రావాలి, సంగీతం సొంతదే ఉండాలా, రాత్రి పదకొండు యాభై తొమ్మిది అంటే మన టైమా వాళ్ల టైమా అని ఒక్కో లైనూ పట్టుకుని చర్చ. క్లాసు నోట్సు ఎప్పుడూ ముట్టనివాడు కూడా రూల్సు పీడీఎఫ్‌లో పసుపు గీతలు గీసి గ్రూపులో పెడతాడు. అదే మేం ఆరుగురం కూర్చుని ఒక సెమిస్టర్ ఫిల్మ్ మొదలుపెట్టినప్పుడు మాత్రం కాగితం మీద ఒక్క ముక్క ఉండదు. "మనవాళ్లమే కదరా, చూసుకుందాంలే" అంటారు ఎవరో ఒకరు. అందరం తలూపి, చాయ్ తాగి లేచిపోతాం.

హైదరాబాదులో యానిమేషన్ చదువుతున్నవాణ్ణి. ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన బ్రీఫ్‌కి, అంటే ఏం చేయాలో ఏ హద్దుల్లో చేయాలో చెప్పే కాగితానికి, ఇచ్చే గౌరవంలో సగం కూడా, మాతో పాటు రాత్రులు మేలుకునేవాళ్లతో చేసుకునే ఒప్పందానికి మేం ఇవ్వం. ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం అని నా వాదన. పోటీ బ్రీఫ్ అంతంతమాత్రంగా ఉన్నా కొంప మునగదు, ఆ పోటీని వదిలేసి మన పని మనం చేసుకోవచ్చు. నలుగురు కలిసి చేసే సినిమాకి బ్రీఫ్ లేకపోతే ఆ సినిమా పూర్తి కాదు. ఒకవేళ పూర్తయినా, ఆ నలుగురూ మళ్లీ కలిసి పనిచేయరు.

ముందు పోటీల గురించే చెబుతాను, ఎందుకంటే బ్రీఫ్ అంటే ఏమిటో నేను నేర్చుకుంది అక్కడే.

మా తాతయ్యకి అవధానాల పిచ్చి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అవధానం ఉందంటే నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లేవారు. అప్పట్లో పద్యాలు అర్థం కాలేదు గానీ ఆట అర్థమైంది. దత్తపది అడిగే పృచ్ఛకుడు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలిచ్చి, అవి వచ్చేలా ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటాడు. నిషిద్ధాక్షరి ఇంకా ఘోరం. అవధాని ఒక్కో అక్షరం చెబుతూంటే, తర్వాత ఏ అక్షరం రాకూడదో చెబుతూ పృచ్ఛకుడు అడ్డుపడుతూనే ఉంటాడు. సులువైన దారి కనిపించిందో లేదో దాన్ని మూసేస్తాడు. దాంతో అవధాని అప్పటిదాకా తలపెట్టని మాట కోసం వెతుక్కోవాలి. మంచి బ్రీఫ్ చేసే పని సరిగ్గా ఇదే. "పర్యావరణం మీద ఒక యానిమేషన్ చేయండి" అని అడిగితే అందరికీ మొదట తట్టేవి అవే: ఎండిన చెట్టు, ఏడ్చే భూగోళం, చివర్లో మొక్క నాటే పాప. "మాటల్లేకుండా, ఒకే గదిలో, ఇరవై సెకన్లలో, నీళ్లు ఎక్కడా చూపించకుండా నీటి కొరత గురించి చెప్పండి" అని అడిగి చూడండి. మొదట తిట్టుకుంటాం. కాసేపటికి బుర్ర పనిచేయడం మొదలవుతుంది.

(అవధానంలో అప్రస్తుత ప్రసంగం అని ఇంకొకటి ఉంటుంది, అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి మధ్యమధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేయడం. మా ప్రాజెక్టుల్లో ఆ బాధ్యతని వాట్సాప్ గ్రూపు చూసుకుంటుంది.)

పరిమితులు ఎంత పని చేస్తాయో లెక్కేసి చూడాలంటే నాకు నచ్చే ఉదాహరణ 24 గంటల విద్యార్థి యానిమేషన్ పోటీ. కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ స్టేట్ యూనివర్సిటీలో ఆబ్రీ మింట్జ్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టారు. ఐదుగురు ఒక టీము. అంశం ఏమిటో గడియారం మొదలయ్యేటప్పుడే చెబుతారు. 24 గంటల్లో 30 సెకన్ల సినిమా ఇవ్వాలి. ఇప్పుడు లెక్క చూడండి. సెకనుకి 24 ఫ్రేములు, 30 సెకన్లకి 720. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడితే, అంటే మేం ఆన్ టూస్ అనే పద్ధతిలో చేస్తే, 360 బొమ్మలు. ఐదుగురికి పంచితే తలా 72. కన్ను మూయకుండా గీసినా ఒక్కొక్కరు గంటకి మూడు బొమ్మలు పూర్తి చేయాలి. బ్యాక్‌గ్రౌండ్లు, రంగులు, సౌండు, ఎడిటింగు ఇంకా ఇందులోకి రాలేదు. అసలు కథేమిటని కొట్టుకోవడానికి పట్టే టైమైతే ఎవరూ లెక్కే వేసుకోరు.

కాబట్టి కత్తియుద్ధం కథ మొదటి పది నిమిషాల్లోనే చచ్చిపోతుంది. గుర్రాలు, వర్షం, జనం గుంపు అన్నీ పోతాయి. కదలని కెమెరా, బలమైన పోజులు రెండు మూడు, మళ్లీ మళ్లీ తిప్పుకోగలిగే ఒక నడక, ఆఖర్లో ఒక మలుపు మిగులుతాయి. ఎవరు ఏం చేయాలన్న గొడవ కూడా పెద్దగా రాదు. గీత బాగా వచ్చినవాళ్లు కీ పోజులు, అంటే కదలికలోని ముఖ్యమైన భంగిమలు, గీస్తారు, చెవి ఉన్నవాళ్లు సౌండు మీద కూర్చుంటారు. అలగడానికి టైము లేదు కాబట్టి ఎవరూ అలగరు. ఇలాంటి పోటీల్లో అద్భుతమైన సినిమాలు వస్తాయని అనను. చాలావరకు జోకుల స్థాయిలోనే ఉంటాయి. అయినా అవి పూర్తవుతాయి, సెమిస్టర్ ఫిల్ముల్లో ఎన్ని పూర్తవుతాయో మా లైబ్రరీ హార్డ్‌డిస్కులకే తెలుసు.

బ్రీఫ్‌ని చివరిదాకా చదవడం కూడా పోటీలే నేర్పించాయి. బహుమతి ఎంతో మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉంటుంది, మన బొమ్మ ఎవరిదవుతుందో ఆఖరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది. 2009లో కేంద్ర ప్రభుత్వం రూపాయి గుర్తు కోసం పోటీ పెట్టింది. దేశ సంస్కృతి కనిపించాలి, మామూలు కీబోర్డులో ఇమడాలి, ఒక్కొక్కరు రెండు డిజైన్లకి మించి పంపకూడదు, ఎంట్రీ ఫీజు 500 రూపాయలు. మూడు వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. 2010 జూలైలో ఉదయ కుమార్ గీసిన గుర్తుని కేబినెట్ ఖరారు చేసింది. బహుమతి రెండున్నర లక్షలు, కాపీరైట్ ప్రభుత్వానిది. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. దేశమంతా వాడాల్సిన గుర్తు ఒక మనిషి చేతిలో ఉండకూడదు కదా. పైగా ఇచ్చేదేమిటో తీసుకునేదేమిటో ముందే చెప్పారు.

దీని పక్కన మా కాలేజీకి వచ్చిన ఒక పోటీని పెట్టి చూడండి. ఒక కంపెనీకి మస్కట్, అంటే కంపెనీకి గుర్తుగా నిలిచే బొమ్మ పాత్ర, కావాలట. గెలిచినవాళ్లకి ఒక టాబ్లెట్టు. షరతుల్లో పదో పదకొండో అంశం: "వచ్చిన ఎంట్రీలన్నీ మా సొంతం." అన్నీ! గెలిచినవీ, ఓడినవీ. అంటే ఒక టాబ్లెట్టు ఖర్చుతో ఊరంతటి విద్యార్థుల క్యారెక్టర్ డిజైన్లు వాళ్ల డబ్బాలో పడతాయి. మన కాపీరైట్ చట్టం 1957లోది. దాని 19వ సెక్షన్ ప్రకారం హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలి, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అనుకోవాలి. 57వ సెక్షన్ ఇంకో మంచి మాట చెబుతుంది. హక్కులు అమ్ముకున్నాక కూడా, ఇది నేను చేసింది అని చెప్పుకునే హక్కు చేసినవాడికి ఉంటుంది. ఈ రెండు సెక్షన్లూ చదివాక మా క్లాసులో ఆ మస్కట్ పోటీకి బొమ్మ పంపినవాళ్లు తగ్గిపోయారు. దాన్ని నేను పిరికితనం అనుకోవడం లేదు.

సరే, బయటివాళ్ల కాగితం మీద ఇంత శ్రద్ధ పెట్టే మేం, మా మధ్య ఏం చేశామో చెబుతాను.

ఆరుగురం కలిసి మూడు నిమిషాల సినిమా మొదలుపెట్టాం. లాడ్ బజార్లో లక్క గాజుల కొలిమి దగ్గర పనిచేసే ఒక కుర్రాడి కథ. కథ నిజంగా బాగుంది, ఇప్పటికీ బాగుందనే అంటాను. పాతబస్తీకి వెళ్లి వీడియోలు తీశాం, లక్కని వేడి చేసి సాగదీసే చేతుల్ని దగ్గరగా కూర్చుని స్కెచ్‌లు వేసుకున్నాం. స్టోరీబోర్డు కూడా ఉత్సాహంగా గీశాం. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాళ్లెవరని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎవరినడిగినా డైరెక్షనే చేస్తామన్నారు, పోనీ కీ యానిమేషన్. ఇన్‌బిట్వీన్లు (కీ పోజుల మధ్య వచ్చే బొమ్మలు), క్లీనప్ (కచ్చా గీతల్ని శుభ్రంగా మళ్లీ గీయడం), ఫైళ్ల సర్దుబాటు ఎవరూ అడిగి తీసుకోలేదు. కాబట్టి అవి నోరు తెరిచి కాదనలేనివాళ్ల మీద పడ్డాయి.

కుర్రాడి డిజైన్ ఖరారు చేసేది ఎవరో తేల్చుకోలేదు. ఇద్దరు ఎవరికి వారు తామే అనుకున్నారు. ఫలితం, కొలిమి దగ్గర నాలుగు తలల ఎత్తు ఉన్న కుర్రాడు చార్మినార్ ముందుకి వచ్చేసరికి ఐదు తలలకి ఎదిగిపోయాడు. ఒకరు సెకనుకి 24 ఫ్రేముల మీద చేశారు, ఇంకొకరి ప్రాజెక్టు సెట్టింగు 25 మీద ఉంది. చూడ్డానికి ఒక్క ఫ్రేము తేడాయే. 24 మీద పది సెకన్ల పాటు చేసిన షాట్‌లో 240 ఫ్రేములుంటాయి, దాన్ని 25 మీద నడిపిస్తే 9.6 సెకన్లకే అయిపోతుంది. పెదవి ముందు, మాట వెనక. ఫైళ్ల పేర్లయితే చెప్పనక్కర్లేదు: ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ లాస్ట్, ఇదే ఫైనల్.

వీటన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. మాలో బ్యాక్‌గ్రౌండ్లు వేసిన అమ్మాయి రాత్రులు కూర్చుని దుకాణం లోపలి బొమ్మలన్నీ రంగులతో సహా పూర్తి చేసింది. ఆ తర్వాత లేఅవుట్ మారింది, కెమెరా కోణం కిందికి దిగింది. ఆ బొమ్మలు ఇక పనికిరావని ఆమెకి చెప్పాలి. ఎవరు చెప్పాలి? "అంత కష్టపడింది, ఇప్పుడెలా చెప్తాం" అని అందరూ ఊరుకున్నారు. రోజులు గడిచాయి, ఆమె ఇంకా రెండు బొమ్మలు అదే పాత కోణంలో వేసేసింది. చివరికి బొమ్మల పొరలన్నీ ఒకచోట కలిపే కంపోజిటింగ్‌లో తనే చూసుకుని, ఒక్క మాట అనకుండా మళ్లీ వేసింది. మేం దాన్ని మర్యాద అనుకున్నాం. ఆమె దృష్టిలో అది ఏమిటో ఆ తర్వాత మా గ్రూపుల్లో దేనిలోనూ చేరకపోవడంతో తెలిసింది.

మా ప్రాజెక్టుల్లో టాలెంట్ తక్కువై ఆగిపోయినవి నేను చూడలేదు. "ఈగో క్లాషెస్" అని లెక్చరర్లు అనే మాట కూడా సగమే నిజం. చాలాసార్లు అసలు క్లాషే జరగదు, అదే సమస్య. పోట్లాడాల్సిన చోట పోట్లాడకుండా, ఫోన్లో స్మైలీ పెట్టి, వెనక ఇంకొకరి దగ్గర గొణుగుతాం. పోటీ పెట్టినవాడికి నాతో మొహమాటం ఉండదు కాబట్టి నిడివి ఒక్క సెకను ఎక్కువైనా తిప్పి పంపుతాడు. స్నేహితుడు పంపడు. "బాగుంది, కానీ ఏదో తేడాగా ఉంది" అంటాడు. ఆ ఏదో ఏమిటో నేను రాత్రంతా వెతుక్కోవాలి. స్టూడియోలో రిటేక్ నోట్, అంటే మళ్లీ చేయమని పంపే చీటీ, ఇలా ఉండదు. షాట్ నంబరు, ఫ్రేము నంబరు, ఎడమ చెయ్యి రెండు ఫ్రేములు ఆలస్యంగా కదలాలి, అంతే. నొచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు.

మన ఊళ్లోనే ఉన్న గ్రీన్ గోల్డ్ యానిమేషన్ స్టూడియో సంగతి చూడండి. వాళ్ల ఛోటా భీమ్ 2008 నుంచి వస్తోంది. ఇన్నేళ్లలో ఆ పిల్లాణ్ణి ఎన్ని చేతులు గీసి ఉంటాయో ఊహించుకోండి. అయినా ఏ ఎపిసోడ్ పెట్టినా మూడేళ్ల పిల్లలు కూడా గుర్తుపడతారు. దీని వెనక మంత్రమేమీ లేదు, మోడల్ షీట్ అనే కాగితం ఉంటుంది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి క్యారెక్టర్ ఎలా ఉంటుంది, తల ఎంత ఒళ్లెంత, నోరు తెరిస్తే ఎలా, కోపమొస్తే కనుబొమ్మ ఎక్కడిదాకా వెళ్తుంది అన్నీ అందులో గీసి ఉంటాయి. పక్కవాడి అభిరుచిని అవమానించకుండా "ఇది భీముడు కాదు" అని చెప్పగలిగే వీలు ఆ కాగితం ఇస్తుంది. గొడవ వస్తే మనిషిని వదిలేసి షీటుని చూస్తారు. మాకు లేనిది అదే.

రాసుకుంటే స్నేహం చెడుతుందని మా గ్రూపులో గట్టిగా వాదించేవాళ్లున్నారు. "ఇది కంపెనీయా, కాంట్రాక్టులు రాసుకోవడానికి?" అంటారు. ఇళ్లల్లో ఆస్తి పంపకాల సంగతి తెలిసినవాళ్లు ఈ మాట అనరని నా అనుమానం. ఇంకో వాదన కొంచెం బరువైనది: ముందే అన్నీ రాసేస్తే సినిమా చచ్చిపోతుంది, దారిలో దొరికేవి దొరకవు. ఇందులో నిజముంది. లాడ్ బజార్లో ఆ చేతుల్ని చూడకముందే మేం షాట్లు ఖరారు చేసుకుని ఉంటే కథలో ఉన్న మంచి షాట్ ఒకటి వచ్చేదే కాదు. అందుకని మొదటి రోజే సంకెళ్లు వేసుకోమనడం లేదు. కథ దశలో ఎవరైనా ఏదైనా అనవచ్చు, గీయవచ్చు, చింపవచ్చు. యానిమాటిక్ దగ్గర తలుపు మూయాలి. స్టోరీబోర్డు బొమ్మల్ని టైమింగుతో, కచ్చా సౌండుతో వరసగా పేర్చుకునే దశ అది. అక్కడ ఒక షాట్ తీసేస్తే పోయేది ఒక స్కెచ్చు. అదే షాట్ కంపోజిటింగ్ అయ్యాక తీస్తే లేఅవుట్, యానిమేషన్, క్లీనప్, రంగు చేసిన అందరి పనీ పోతుంది. ఆరుగురిలో ఎవరి పని ఎంత పోయిందో ఎవరూ లెక్కపెట్టరు గానీ ఎవరి మనసులో వాళ్లకి ఉంటుంది.

ఏదీ ముందే తేల్చుకోని ఈ అలవాటుని కాలేజీలు కూడా పెంచి పోషిస్తున్నాయి. గ్రూపు ప్రాజెక్టుకి అందరికీ ఒకే మార్కు వేస్తారు. అసలు పని ఒకరి నుంచి ఒకరికి సరిగ్గా అందిందా అన్నది ఎవరూ చూడరు. ఆ అందించడానికే పది మార్కులు పెడితే ఫైళ్ల పేర్లు ఒక్క వారంలో దారికొస్తాయని నా నమ్మకం.

ఇక పేర్లు. ఇది చిల్లర విషయమని, సినిమా అయ్యాక చూసుకోవచ్చని అందరూ అంటారు. 2013 ఫిబ్రవరి 24న లైఫ్ ఆఫ్ పై సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన ప్రధాన సంస్థ రిథమ్ అండ్ హ్యూస్, దానికి హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. ఆస్కార్‌కి కొద్ది రోజుల ముందే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఆస్కార్ బొమ్మ అందుకున్నది నలుగురు. ఆ సినిమాలోని పులి మీద పనిచేసిన వందల మందిలో మన ఊరివాళ్లూ ఉన్నారు. నలుగురికి ఇవ్వడం తప్పని అనను, అవార్డు రూలే అలాంటిది. అవార్డుకి కొన్ని పేర్లే కావాలి, పనికి చాలా మంది కావాలి. ఈ రెండిటి మధ్య తేడా ఎక్కడ పడుతుందో ముందే మాట్లాడుకోకపోతే ఎప్పుడూ గొంతు పెద్దగా ఉన్నవాళ్ల వైపే పడుతుంది. పైగా మన చట్టం లెక్కలో సినిమాకి కర్త నిర్మాత. నిర్మాత అంటే ఆ పనికి చొరవ తీసుకుని బాధ్యత నెత్తిన వేసుకున్న మనిషి. జేబులోంచి తలా కొంచెం వేసుకుని, హాస్టల్ గదిలో రెండర్ పెట్టుకున్న ఆరుగురిలో ఆ మనిషి ఎవరు? ఫెస్టివల్‌కి పంపే ఫారంలో ఆ గడి ఖాళీగా వదలడానికి ఉండదు.

ఈ సెమిస్టర్‌లో కొత్త సినిమాకి ఒక పేజీ రాసుకున్నాం. ఒక్క పేజీయే, పీడీఎఫ్ కూడా కాదు, చేత్తో రాసి ఫోటో తీసి గ్రూపులో పిన్ చేశాం. నిడివి తొంభై సెకన్లు, పెంచాలంటే ఆరుగురూ ఒప్పుకోవాలి. 24 ఫ్రేములు. క్యారెక్టర్ మీద ఆఖరి మాట ఒకరిది, రంగుల మీద ఇంకొకరిది, మిగతావాళ్లు వాదించవచ్చు గానీ మార్చకూడదు. ఒకరి పని తీసేయాల్సి వస్తే ఆ రోజే, ఫోన్ చేసి చెప్పాలి, మెసేజ్ పనికిరాదు. ఎవరికైనా మధ్యలో ఇంటర్న్‌షిప్ వస్తే ఫైళ్లన్నీ పేర్లు సరిచేసి ఇచ్చి వెళ్లాలి, అప్పటిదాకా చేసిన పనికి పేరు ఉంటుంది. ఇది రాసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఒకసారి గొంతులు లేచాయి, ఒకమ్మాయి లేచి వెళ్లిపోయి మళ్లీ వచ్చింది. రెండో నెలలో జరగాల్సిన గొడవ మొదటి రోజే జరిగింది, అప్పటికి ఎవరి బొమ్మా పాడవలేదు.

టైటిల్స్‌లో పేర్ల వరుస మాత్రం ఇంకా తేలలేదు. అక్షరక్రమంలో వేద్దామని ముందు అందరం ఒప్పుకున్నాం. ఏ అక్షరక్రమం అనేసరికి మళ్లీ మొదలైంది. పేరు ఉ తో మొదలయ్యే ఆమెకి తెలుగు వరుస కావాలి, ఇంగ్లీషులో అది యూ అయి అడుక్కి పోతుంది. బ తో మొదలయ్యేవాడికి ఇంగ్లీషు కావాలి, అక్కడ వాడిది రెండో అక్షరం. సినిమా తెలుగు, ఫెస్టివల్ ఫారం ఇంగ్లీషు. శనివారం మళ్లీ కూర్చుంటున్నాం.